మైలాపూరులో మన ఇళ్ళు రెండు

ఊరి నుంచి చుట్టాలొస్తే మైలాపూరులో మనం చూపించేవి ఎప్పుడూ అవే. కపాలీశ్వరుడి గుడి, దాని వెనక కోనేరు, మాడవీధుల్లో ఒక ఫిల్టర్ కాఫీ, సాంథోమ్ చర్చి, చీకటి పడే వేళకి మెరీనా. మర్నాడు టి.నగర్లో చీరలు. వచ్చినవాళ్ళు సంతోషంగానే వెళ్తారు, మనకీ పని తేలిగ్గా అయిపోతుంది. కానీ గుడి నుంచి పది నిమిషాలు నడిస్తే లజ్ కూడలి వస్తుంది. అక్కణ్ణుంచి చెరో వైపు వెళ్తే రెండు చోట్లు ఉన్నాయి. ఒకచోట ఆంధ్ర రాష్ట్రానికి ఒప్పందం రాసుకున్నారు. ఇంకోచోట ఆ రాష్ట్రం కోసం ఒక మనిషి ప్రాణం వదిలాడు. విజయవాడ నుంచీ కర్నూలు నుంచీ వచ్చే చుట్టాలకి వాళ్ళ రాష్ట్రం పుట్టిన ఇళ్ళు ఇక్కడ ఉన్నాయని తెలియదు. అది పెద్ద విషయం కాదనుకోండి. మన ఇళ్ళల్లో పుట్టి పెరిగిన పిల్లలకీ తెలియదు, అదీ నాకు బాధ.

పిల్లల్ని ఒక ఆదివారం పొద్దున్నే, ఎండ ఎక్కకముందే తీసుకెళ్ళండి. తిరుమయిలై రైల్వే స్టేషన్లో దిగితే లజ్ దగ్గరే. మెట్రో పనులతో ఆ చుట్టుపక్కల దారులు తరచూ మారుస్తున్నారు కనక కారు తీసుకెళ్ళకపోవడం మంచిది.

ముందు లజ్ అనే పేరు సంగతి. తమిళమూ కాదు, తెలుగూ కాదు, ఇంగ్లీషూ కాదు. పోర్చుగీసు భాషలో వెలుగు అని అర్థం. లజ్ చర్చి రోడ్డు పక్కన చిన్నగా, తెల్లగా ఉండే 'వెలుగు మాత' గుడి నుంచి వచ్చింది. సముద్రంలో దారి తప్పిన నావికులకి ఒడ్డున ఒక వెలుగు కనిపించిందనీ, దాన్ని పట్టుకుని వచ్చి ఆ వెలుగు మాయమైన చోట గుడి కట్టారనీ కథ. గోడలో ఉన్న రాతి ఫలకం మీద 1516 అని ఉంటుంది. ఆ సంవత్సరాన్ని కొందరు చరిత్రకారులు ఒప్పుకోరు గానీ, ఈ ఊళ్ళో యూరపు వాళ్ళు కట్టిన వాటిల్లో ఇది బాగా పాతదన్నది మాత్రం అందరూ ఒప్పుకుంటారు. అప్పట్లో ఇదంతా అడవి. అందుకే స్థానికులు దీన్ని 'కాట్టు కోవిల్', అంటే అడవి గుడి, అని పిలిచేవాళ్ళు.

ఆ ఫలకాన్నే నమ్మితే, ఇది కట్టిన 123 ఏళ్ళకి, 1639లో, దామర్ల వెంకటాద్రి నాయకుడు ఇంగ్లీషు కంపెనీకి ఉత్తరాన ఒక ఇసకపర్రని రాసిచ్చాడు. వాళ్ళ నాన్న చెన్నప్ప నాయకుడి పేరు మీదే చెన్నపట్నం. ఆ కథ మనవాళ్ళకి బాగానే తెలుసు, పెళ్ళిళ్ళలో భోజనాల దగ్గర కూడా చెప్పుకుంటాం. ఊరి పేరులో మనవాడున్నాడని చెప్పుకోవడం మనకి ఇష్టం. ఆ తర్వాత మూడొందల ఏళ్ళు మనవాళ్ళు ఇక్కడ ఏం చేశారో మాత్రం అంత చెప్పుకోం.

ఉదాహరణకి క్రికెట్టు. లజ్‌లోని 'లజ్ హౌస్' అనే పెద్ద తోట బంగళా మోతవరపు వాళ్ళది. దుబాసీల కుటుంబం, అంటే తెల్ల కంపెనీలకీ ఇక్కడి వర్తకులకీ మధ్య మాటా బేరమూ నడిపిన తెలుగువాళ్ళు. ఆ ఇంట్లో పెరిగిన మోతవరపు వెంకట మహీపతి నాయుడే బుచ్చిబాబు నాయుడు. 1868లో పుట్టాడు. అప్పట్లో చేపాక్ మైదానం తెల్లవాళ్ళ క్లబ్బుది. మనవాళ్ళు ఆడినా వాళ్ళతో పాటు లోపల కూర్చునే వీల్లేదు. దాంతో 1888లో మద్రాస్ యునైటెడ్ క్లబ్ పెట్టి మన కుర్రాళ్ళకి ఆట నేర్పించాడు. తెల్లవాళ్ళ జట్టుకీ భారతీయుల జట్టుకీ మధ్య 1908లో మ్యాచ్ కుదిర్చాడు. తీరా ఆట మొదలవడానికి కొద్ది రోజుల ముందు తనే పోయాడు. ఆయన పేరుతో 1909లో మొదలైన పోటీలు ఇవాళ్టికీ జరుగుతున్నాయి. పేపర్లో 'బుచ్చిబాబు ట్రోఫీ' అని చదివే పిల్లలకి అది ఒక తెలుగాయన పేరని చెప్పి చూడండి, నమ్మరు.

ఆయన కొడుకుల్లో ఒకరిని తల్లి తరఫు వాళ్ళకి దత్తత ఇచ్చారు. ఆయనే కోటా రామస్వామి. 1922లో డేవిస్ కప్ టెన్నిస్ ఆడాడు. నలభై ఏళ్ళ వయసులో, 1936లో, మాంచెస్టర్లో మొదటి టెస్టు ఆడి 40, 60 పరుగులు చేశాడు. ఆ జట్టుకి కెప్టెన్ విజయనగరం రాజకుమారుడు. అందులోనే సి.కె.నాయుడూ ఉన్నాడు. పాపం, 1985లో ఒకరోజు ఈ ఊళ్ళోనే ఇంట్లోంచి బయటికి వెళ్ళిన రామస్వామి మళ్ళీ కనిపించలేదు. ఏమయ్యాడో ఎవరికీ తెలియదు.

లజ్ చర్చి రోడ్డు మీద పడమటివైపు నడుస్తూ ఉంటే రోడ్డే ఒక తెలుగు డైరెక్టరీలా ఉంటుంది. అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఇల్లు 'ఏకామ్ర నివాస్' ఈ రోడ్డు మీదే. తమిళ కుటుంబమైనా పుట్టింది నెల్లూరు జిల్లా పూడూరులో, 1883లో. రాజ్యాంగం రాసిన డ్రాఫ్టింగ్ కమిటీలో కూర్చున్నాడు. అదే రాజ్యాంగ సభలో కూర్చున్న దుర్గాబాయి 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ మొదలుపెట్టింది. అంతకుముందు మైలాపూరులో ఆడపిల్లలకి హిందీ నేర్పడం దగ్గర మొదలైన పని అది. కేసరి స్కూలు సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఆయుర్వేదం మందులతో సంపాదించి 'గృహలక్ష్మి' పత్రిక నడిపిన కె.ఎన్.కేసరి పేరు అది. వీళ్ళందరి గురించీ విడిగా రాయాలి. ఇవాళ అసలు సంగతికి వెళ్దాం.

నాగేశ్వరరావు పార్కు. మైలాపూరు వాళ్ళందరికీ తెలిసిన చోటు. పొద్దున్నే నడిచేవాళ్ళూ, బెంచీల మీద 'హిందూ' పేపరు విప్పి కూర్చునే రిటైరయిన పెద్దమనుషులూ, బాడ్మింటన్ ఆడే పిల్లలూ ఉంటారు. వాళ్ళల్లో ఎవరినైనా ఆపి ఈ నాగేశ్వరరావు ఎవరని అడగండి. "యారో పెరియ మనుషన్" అంటారు. మా చిన్నప్పుడు మాకూ అంతే తెలుసు.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు కృష్ణా జిల్లా ఎలకుర్రులో 1867లో పుట్టారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివారు. బొంబాయి వెళ్ళి 1893లో అమృతాంజనం తయారుచేశారు. మన ఇళ్ళల్లో తలనొప్పికీ, జలుబుకీ, పరీక్షల బెంగకీ కూడా రాసుకునే ఆ పసుపుపచ్చ మందే. సంగీత సభల్లో జనానికి ఉచితంగా పంచి ఆ మందుకి పేరు తెచ్చారంటారు. ఆ డబ్బుతో 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికని వారపత్రికగా పెట్టారు. 1914లో మద్రాసుకి తెచ్చి దినపత్రిక చేశారు. 1924లో 'భారతి' మాసపత్రిక, 1926లో ఆంధ్ర గ్రంథమాల. తలనొప్పి మందు అమ్మి సాహిత్య పత్రిక నడిపినాయన ఇంకొకరు ఎక్కడైనా ఉన్నారేమో నాకు తెలియదు. అమృతాంజనం కంపెనీ ఆఫీసు ఇవాళ్టికీ లజ్ చర్చి రోడ్డులోనే ఉంది. పార్కు చూసి అటుగా నడిస్తే ఆ బోర్డు కనిపిస్తుంది.

పంతులుగారి ఇంటి పేరు, అంటే ఆ భవనం పేరు, శ్రీబాగ్. 1937 నవంబరు 16న ఆ ఇంట్లో కోస్తా నాయకులూ రాయలసీమ నాయకులూ కూర్చున్నారు. ఎందుకు కూర్చోవలసి వచ్చిందో చెప్పాలి. ఆంధ్ర రాష్ట్రం కావాలన్న మాట అప్పటికి పాతికేళ్ళ నాటిది. కానీ సీమ వాళ్ళకి ఒక భయం. మద్రాసు పెత్తనం పోయి కృష్ణా గుంటూరు జిల్లాల పెత్తనం వస్తే మనకి ఒరిగేదేమిటి? చదువూ, నీళ్ళూ, డబ్బూ అన్నీ అటువైపే ఉన్నాయి కదా? ఆ భయం తీరకపోతే రాష్ట్రం రాదని అందరికీ అర్థమైంది. కోటిరెడ్డి, కల్లూరు సుబ్బారావు, పప్పూరు రామాచార్యులు సీమ వైపు. కొండా వెంకటప్పయ్య, భోగరాజు పట్టాభి సీతారామయ్య కోస్తా వైపు.

వాళ్ళు రాసుకున్నది క్లుప్తంగా ఇది. విశ్వవిద్యాలయానికి వాల్తేరుతో పాటు అనంతపురంలోనూ ఒక కేంద్రం ఉండాలి. కృష్ణా, తుంగభద్ర, పెన్నా నీళ్ళ విషయంలో పదేళ్ళ పాటు రాయలసీమకీ నెల్లూరుకీ ముందు చూడాలి. శాసనసభ సీట్లు జిల్లాకి ఇన్ని అని సమానంగా ఉండాలి. రాజధాని, హైకోర్టు ఒకేచోట పెట్టకుండా, ఆ రెండిట్లో ఏది కావాలో సీమ వాళ్ళు ముందు కోరుకోవాలి. అంతే. అన్నదమ్ముల పంపకాల కాగితం లాంటిది. పంతులుగారు ఆ తర్వాత అయిదు నెలలు కూడా బతకలేదు. 1938 ఏప్రిల్ 11న పోయారు.

ఆ కాగితం మాత్రం చావలేదు. 1953లో రాజధాని కర్నూలుకీ, మరుసటేడు హైకోర్టు గుంటూరుకీ వెళ్ళింది దాని వల్లే. విశ్వవిద్యాలయం మాత్రం అనంతపురానికి బదులు తిరుపతిలో వచ్చింది. అనంతపురానికి 1981 దాకా ఆగాల్సి వచ్చింది. 1956లో హైదరాబాదు రాజధాని కాగానే రెండూ ఒకేచోటికి పోయాయి. మళ్ళీ 2020లో మూడు రాజధానుల చట్టం చేసినప్పుడు టీవీల్లో అందరూ శ్రీబాగ్, శ్రీబాగ్ అన్నారు. హైదరాబాదు నుంచి మా చుట్టం ఒకాయన ఫోన్ చేసి "ఈ శ్రీబాగ్ ఎక్కడుంది, ఢిల్లీలోనా?" అని అడిగాడు. మైలాపూరులో, అమృతాంజనం వాళ్ళది అంటే కాసేపు మాట్లాడలేదు.

ఇప్పుడు వెనక్కి లజ్ కూడలికి వచ్చి రాయపేట హైరోడ్డు ఎక్కండి. సంస్కృత కాలేజీ ఉన్న రోడ్డే. 126వ నంబరు. బస్సుల రొదలో ఎదురుగా వెళ్తూ కూడా గమనించకుండా పోవచ్చు. అప్పట్లో అది బులుసు సాంబమూర్తిగారి ఇల్లు. ఇప్పుడు అమరజీవి పొట్టి శ్రీరాములు స్మారక భవనం.

సాంబమూర్తిగారి గురించి ఒక మాట. 1937 నుంచి 1942 దాకా మద్రాసు శాసనసభకి స్పీకరు. అంత పదవి చేసినాయన ఆ ఇంట్లో ఒక మనిషిని నిరాహార దీక్షకి కూర్చోనిచ్చాడు. కాంగ్రెసు పార్టీకి అది ఇష్టం లేదు. అంతకు ముందు ఏడాదే స్వామి సీతారాం 35 రోజులు ఉపవాసం చేసి, వినోబా భావే మాట మీద విరమించారు. ఏమీ జరగలేదు. ఇంకొక దీక్షని ఎవరూ పట్టించుకోరనే అందరూ అనుకున్నారు.

పొట్టి శ్రీరాములు అనగానే మనవాళ్ళు నెల్లూరు అంటారు. పెద్దల ఊరు అటువైపే, ఆయన హరిజనుల గుడి ప్రవేశం కోసం దీక్షలు చేసిందీ నెల్లూరులోనే. జిల్లాకి పేరూ పెట్టారు. కానీ ఆయన పుట్టింది మద్రాసులో, జార్జిటౌన్లో, 1901 మార్చి 16న. ఈ ఊరివాడు. మనలాగే. బొంబాయిలో చదివి, రైల్వేలో ఉద్యోగం చేసి, భార్యా బిడ్డా పోయాక అన్నీ వదిలేసి గాంధీగారి దగ్గరికి వెళ్ళాడు. ఇది గుర్తుపెట్టుకుంటే ఆయన అడిగినదానికి అర్థం మారుతుంది. మద్రాసుతో కూడిన ఆంధ్ర రాష్ట్రం కావాలని ఆయన అడిగింది ఎవరిదో పట్నాన్ని గుంజుకోవడానికి కాదు. తను పుట్టిన ఊరు తన రాష్ట్రంలో ఉండాలని.

1952 అక్టోబరు 19న మొదలుపెట్టాడు. మొదట్లో పత్రికల్లో పెద్దగా రాలేదు. రోజులు గడిచేకొద్దీ రాయపేట హైరోడ్డు మీద జనం చేరడం మొదలైంది. అప్పుడు ముఖ్యమంత్రి రాజాజీ. ఢిల్లీలో నెహ్రూ. ఇద్దరికీ భాష మీద రాష్ట్రాలు విడగొట్టడం ఇష్టం లేదు. మద్రాసు సంగతి అంతకుముందే తేల్చేశారు. 1949లో నెహ్రూ, పటేల్, పట్టాభి కలిసి ఇచ్చిన నివేదికలో, ఆంధ్రులు మద్రాసు నగరం మీద ఆశ వదులుకుంటేనే రాష్ట్రం అన్నారు. శ్రీబాగ్‌లో సంతకం పెట్టిన ఆ పట్టాభిగారే ఇక్కడా సంతకం పెట్టారు. ప్రకాశం పంతులుగారు ఒప్పుకోలేదు, కనీసం కొన్నాళ్ళయినా మద్రాసే రాజధాని కావాలన్నారు. ఇటు తమిళులు మా.పొ.శివజ్ఞానం నాయకత్వంలో మద్రాసు ఇచ్చేది లేదని ఉద్యమం చేశారు. వాళ్ళ వైపు నుంచి చూస్తే అదీ న్యాయమే. ఊరి చుట్టూ ఉన్న పల్లెలన్నీ తమిళమే మాట్లాడేవి. ఈ మాట మన సభల్లో అంటే కొందరికి కోపం వస్తుంది. అయినా ఇక్కడే పుట్టి, ఇక్కడి అన్నం తింటున్నవాళ్ళం, రెండు వైపులా చూడకపోతే ఎలా?

58 రోజులు. డిసెంబరు 15 రాత్రి ఆ ఇంట్లోనే పోయాడు. వయసు 51. మర్నాడు ఊరేగింపు వెళ్తుంటే ఘంటసాల పాడాడని పెద్దవాళ్ళు చెప్పేవారు. కోస్తా జిల్లాల్లో రైళ్ళు ఆగాయి, ఆఫీసుల మీద పడ్డారు, పోలీసు కాల్పుల్లో మనుషులు పోయారు. నాలుగు రోజులకి, డిసెంబరు 19న, నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ప్రకటించాడు. మద్రాసు నగరం లేకుండా.

1953 అక్టోబరు 1న కర్నూలులో రాష్ట్రం మొదలైంది, చాలా ఆఫీసులు గుడారాల్లో. గుమాస్తాల్నీ ఇంజినీర్లనీ రెండు రాష్ట్రాలకీ పంచారు. ఒకే ఇంట్లో అన్న కర్నూలుకి, తమ్ముడు ఇక్కడే. ఆంధ్రాలో ఉన్న మా చుట్టాలు ఆ ఏడాదిని 'రాష్ట్రం వచ్చినప్పుడు' అనేవాళ్ళు. మా ఇంట్లో పెద్దవాళ్ళు 'విడిపోయినప్పుడు' అనేవాళ్ళు. చిన్నప్పుడు అవి రెండు వేరే సంగతులనుకునేదాన్ని.

అందుకే ఈ ఇల్లు మనకి ఇబ్బందికరమైన ఇల్లు. తెలుగువాళ్ళకి రాష్ట్రం ఇచ్చిన ఇల్లే మద్రాసు తెలుగువాళ్ళని పరాయి రాష్ట్రంలో మిగిల్చింది. దాని ముందు రోజు దాకా మనం రాజధానివాసులం, మర్నాటి నుంచి అల్పసంఖ్యాకులం. అందులో ఆయన తప్పేమీ లేదు, ఆయన అడిగింది అది కాదు. కానీ మనవాళ్ళు ఆ గడప దగ్గరికి ఎందుకు పెద్దగా వెళ్ళరో నాకు అక్కడే అర్థమవుతుంది. ఆంధ్రా వాళ్ళకి అది దూరం. తమిళులకి వాళ్ళ కథ కాదు. మనకి అది పండగా కాదు, తద్దినమూ కాదు. డిసెంబరు 15న మాలలు వేస్తారు, అప్పుడప్పుడు తెలుగు సభలు జరుగుతాయి. వచ్చేవాళ్ళల్లో తలలు నెరిసినవాళ్ళే ఎక్కువ.

2006లో వచ్చిన చట్టంతో తమిళనాడు బళ్ళలో తమిళం తప్పనిసరి అయింది. తమిళం రావడం మంచిదే, ఇక్కడ బతికేవాళ్ళకి కావాలి. కానీ బడిలో తెలుగు పోయాక ఇంట్లో ఎవరో ఒకరు కూర్చోబెట్టి నేర్పితే తప్ప అక్షరాలు రావు. మా అక్క మనవడు తెలుగు గడగడా మాట్లాడతాడు, అ ఆలు రావు. 126వ నంబరు ముందు నిలబడి, "అమ్మమ్మా, ఇక్కడేం రాసుంది?" అని అడిగాడు. అక్క చదివి చెప్పింది. "ఈయన కూడా మన చెన్నై ఆయనేనా?" అన్నాడు. అవును నాయనా, జార్జిటౌన్లో పుట్టాడు అంది. ఆ మాటకి వాడు ఫోటో తీసుకున్నాడు. అప్పటిదాకా ఫోన్ జేబులోంచి తియ్యలేదు.

వెళ్ళేవాళ్ళకి రెండు మాటలు. స్మారక భవనం తలుపులు ఎప్పుడూ తెరిచి ఉంటాయనుకోకండి, ముందు కనుక్కుని వెళ్ళండి. పార్కుకి పొద్దున్నే వెళ్తే నీడా ఉంటుంది, చెప్పుకోవడానికి బెంచీలూ ఉంటాయి. శ్రీబాగ్ కథ అక్కడ కూర్చుని చెప్పండి. రాయపేట హైరోడ్డు మీద నిలబడి చెబితే హారన్లలో వినపడదు. పార్కు నుంచి 126 దాకా పిల్లలతో నడిచినా అరగంట. శ్రీరాములుగారు పుట్టిన జార్జిటౌన్ చూడాలంటే అది ఇంకొక ఆదివారం పని, ఆంధ్రపత్రిక ఆఫీసు ఉన్న తంబుచెట్టి వీధీ అటే ఉంది కాబట్టి రెండూ కలిపి పెట్టుకోండి.